పట్టూ విడుపూ: నడకకి, పరుగుకి బూట్ల ఎంపిక

(ఉదయపు నడక, దూరపు పరుగు సాధన చేసేవాళ్ల కోసం జరిగిన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. చాలామంది బూట్లతోనే వచ్చారు, మంచిదైంది. ఒకసారి లేచి నిలబడండి. బూటు లోపలే కాలివేళ్లని హార్మోనియం మెట్ల మీద ఆడించినట్టు ఒక్కొక్కటీ కదిలించి చూడండి. చిటికెనవేలు కదలనివాళ్లు చెయ్యెత్తండి. సగానికి పైనే ఉన్నారు. ఇప్పుడు కాలి మునివేళ్లని నేలకి ఆనించి మడమ ఎత్తండి. మడమ ఒక్కటే లేచి బూటు అక్కడే ఉండిపోతున్నవాళ్లు? చూశారా, చాలావరకు అవే చేతులు. (నవ్వులు) కూర్చోండి.

ముందు బిగుతు, వెనక వదులు. ఉండాల్సిన దానికి ఇది సరిగ్గా తలకిందులు. మనుషులకి పట్టూ విడుపూ ఉండాలంటాం కదా, బూటుకీ అంతే. మడమ దగ్గర్నుంచి పాదం మధ్య దాకా పట్టు ఉండాలి. అక్కడినుంచి వేళ్ల చివరి దాకా విడుపు ఉండాలి. ఇవాళ కొలత గురించి చెప్పినా, లేసుల గురించి చెప్పినా, పొక్కుల గురించి చెప్పినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాం.

కాస్త లెక్క వేద్దాం. పరిగెత్తేటప్పుడు నిమిషానికి 170 అడుగులు పడతాయనుకోండి. ఒక్కో పాదానికి 85. నాలుగు గంటల్లో మారథాన్ పూర్తిచేసేవాళ్లకి ఒక్కో పాదం ఇరవై వేల సార్లకి పైగా నేలని తాకుతుంది. తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మామూలు నడకలో అయితే బరువుకి కాస్త ఎక్కువ, అంతే. అంటే షాపులో నాలుగడుగులు వేసినప్పుడు 'పర్వాలేదులే, కొంచెం తగులుతోంది' అనిపించింది, ఆ రోజు ఇరవై వేల సార్లు తగులుతుంది. గోళ్లు నల్లబడేది అందుకే.

దీనికి తోడు పాదం పొద్దున్న ఉన్నట్టు సాయంత్రం ఉండదు. నిలబడితే రక్తం, నీరు కిందికి దిగుతాయి. వేడికి ఉబ్బుతుంది. అడుగు పడ్డప్పుడల్లా అరికాలి వంపు అణిగి పాదం కాస్త పొడవు, వెడల్పు సాగుతుంది. మన ఎండల్లో గంటన్నర పరిగెత్తాక పాదం బయల్దేరినప్పటి పాదం కాదు. బూటు కొనాల్సింది ఆ పెరిగిన పాదానికి. అందుకే సాయంత్రం పూట, వీలైతే నడకో పరుగో అయ్యాక షాపుకి వెళ్లండి.

ఇక నంబరు సంగతి. 'నాది ఎనిమిది' అని చెప్పేసి డబ్బా తెప్పించుకోవడం మన అలవాటు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది యూకే నంబరు. అందులో ఒక్కో సైజు అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. ఆ మూడో వంతు పాతకాలపు ఇంగ్లండులో ఒక బార్లీ గింజ పొడవు. యూరప్ నంబరులో ఒక్కో సైజుకి తేడా 6.67 మిల్లీమీటర్లు. రెండు కొలతల మెట్లూ వేరు కాబట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చినప్పుడల్లా ఒక అర సైజు అటూ ఇటూ జారుతుంది. పైగా ఒకే ఎనిమిది అని రాసినా ఒక కంపెనీ లేబుల్ మీద 26.5 సెంటీమీటర్లని, ఇంకో కంపెనీ లేబుల్ మీద 27 అని ఉంటుంది. కాబట్టి బూటు నాలుక లోపలివైపు లేబుల్ తిప్పి చూడండి. సీఎం (సెంటీమీటర్లు) అనో జేపీ (జపాన్ కొలత, అదీ సెంటీమీటర్లే) అనో రాసి ఉన్న అంకె మీకు అక్కరకొచ్చేది.

ఆ అంకెతో పోల్చడానికి మీ పాదం కొలత మీ దగ్గర ఉండాలి. ఇంట్లో తీసుకోవచ్చు. ఒక ఏ4 కాగితం తీసుకోండి, పొడవు 29.7 సెంటీమీటర్లు, చాలామంది పాదానికి సరిపోతుంది. కాగితం పొట్టి అంచుని గోడకి ఆనించి నేలకి టేపుతో అంటించండి. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకోండి. మడమ వెనకభాగం గోడకి తగిలేలా నిలబడి రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వెయ్యండి. కూర్చుని కొలిస్తే తక్కువొస్తుంది. వంగి మీరే గీస్తే మడమ లేస్తుంది, బరువు పక్కకి పోతుంది, కాబట్టి గీత ఇంకొకరి చేత గీయించుకోండి. పెన్సిలు నిటారుగా పట్టుకోవాలి, వేలి కిందికి వాలితే మూడు నాలుగు మిల్లీమీటర్లు అక్కడే పోతాయి. అందరికీ బొటనవేలే పొడవు అనుకోకండి, చాలామందికి రెండో వేలు పొడవు. ఏది పొడవైతే దాని ముందు గీత. తర్వాత పాదం ముందుభాగంలో రెండు పక్కలా ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట ఒక్కో చుక్క పెట్టి వెడల్పు కొలవండి. రెండు పాదాలకీ ఇదే పని. రెండూ ఒకేలా ఉండడం అరుదు. పెద్దపాదం కొలతే లెక్క.

262 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 26.5 అని రాసిన జత నడకకి సరిపోవచ్చు. పది కిలోమీటర్లు దాటి పరుగు ఉంటే 27 నుంచి వేసి చూడడం మొదలుపెట్టండి. కొంతమంది 27.5 దగ్గర ఆగుతారు. అంకె మనల్ని షాపులో ఏ అర దగ్గరికి వెళ్లాలో చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోయింది. మిగతాది కాలు చెప్పాలి.

వెడల్పు దగ్గర మనవాళ్లకి అసలు తగాదా ఉంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశవ్యాప్తంగా లక్షమందికి పైగా పాదాలని త్రీడీ స్కానింగ్ చేసింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా సాధారణంగా వెడల్పని తేలింది. దాని ఆధారంగానే మనకంటూ 'భ' అనే కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పు చాలకపోతే మనం చేసేదేమిటి? ఒక నంబరు పెద్దది తీసుకుంటాం. ముందు కాస్త హాయిగా ఉంటుంది. కానీ బూటు వంగే చోటు పాదం వంగే చోటు కన్నా ముందుకి జరిగిపోతుంది, మడమ వదులవుతుంది. ఆ వదులుని సరిచెయ్యడానికి లేసు పీకి బిగిస్తాం. పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. ఒక తప్పుని కప్పడానికి ఇంకో తప్పు, దాన్ని కప్పడానికి మూడోది.

దీనికి మందు నంబరు పెంచడం కాదు, వెడల్పు పెంచడం. అడిగితే వైడ్ అనీ, టూ ఈ అనీ, ఫోర్ ఈ అనీ దొరుకుతాయి. మగవాళ్ల బూట్లలో మామూలు వెడల్పు డి, ఆడవాళ్ల వాటిలో బి. పాదం వెడల్పుగా ఉన్న ఆడవాళ్లు అదే సెంటీమీటర్ల కొలతలో మగవాళ్ల మోడల్ వేసి చూడడంలో తప్పేమీ లేదు. మడమ దగ్గర కాస్త వదులుంటే లేసుతో పట్టు తెచ్చుకోవచ్చు, ఎలాగో చెబుతాను.

ఆడవాళ్ల దగ్గర ఇంకో సంగతి. షాపుల్లో దీన్ని ఎవరూ అడగరు. మెట్టెలు. రెండో వేలికి ఉన్న మెట్టె చెప్పుల్లో ఏమీ అనదు. మూసుకుపోయిన బూటులో వేళ్లు దగ్గరికి నొక్కుకున్నప్పుడు అది పక్కవేళ్ల మీద ఒత్తుతుంది, పాదం ఉబ్బితే ఉన్న వేలికే బిగుసుకుంటుంది. గంట నడకకి మూడో వేలి పక్కన ఎర్రగా కమిలిన చార పడుతుంది. తీసి పరిగెత్తేవాళ్లకి ఇబ్బంది లేదు. తియ్యడం ఇష్టం లేనివాళ్లు ముత్యాలు, పువ్వులు లేని సన్నటి చుట్టు మెట్టె వేసుకోండి, బూటు ముందుభాగం గుండ్రంగా వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. కొనేటప్పుడు మెట్టెలతోనే వేసి చూడండి.

షాపులో ఏం చెయ్యాలో ఇప్పుడు ఈ బూటు మీద చూపిస్తాను. మొట్టమొదట లోపలి అట్ట, ఇన్‌సోల్ అంటాం, దాన్ని బయటికి లాగేయండి. అంటించి లేకపోతే సులభంగా వచ్చేస్తుంది. దాన్ని నేల మీద పెట్టి మడమని దాని గుంటలో కుదురుగా పెట్టి నిలబడండి. పొడవాటి వేలి ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పక్కల చూడండి. చిటికెనవేలు అట్ట అంచు దాటి కింద పడుతోందా? పడితే ఆ బూటు మీది కాదు, రంగు ఎంత నచ్చినా సరే. ఈ ఒక్క పరీక్షతో సగం జతలు వెళ్లిపోతాయి. షాపులో కుర్రాడు బూటు పైనుంచి వేలు నొక్కి 'ఉంది సార్ జాగా' అంటాడు చూడండి, ఆ పరీక్షని పెద్దగా నమ్మకండి. నొక్కగానే మనం తెలియకుండానే వేళ్లు వెనక్కి ముడుచుకుంటాం.

ఇన్‌సోల్ లోపల పెట్టేసి రెండు బూట్లూ వేసుకోండి, ఒక్కటి కాదు. లేసు కట్టేముందు మడమని నేలకి రెండుసార్లు తట్టి వెనక్కి కుదురుకోనివ్వండి. చాలామంది ముందు లేసు కట్టి తర్వాత పాదాన్ని సర్దుతారు, అప్పటికే పాదం ముందుకి జరిగిపోయి ఉంటుంది. కట్టాక లేసు కన్నాల రెండు వరసల మధ్య సందు చూడండి. పై నుంచి కింది దాకా ఇంచుమించు సమానంగా రెండు వేళ్ల మందం ఉంటే సరి. రెండు వరసలూ వచ్చి ఒకదాన్నొకటి తాకితే బూటులో చోటు మరీ ఎక్కువ. బాగా విడిపోయి ఉంటే పాదం పైఎత్తుకి ఈ బూటు చాలదు. పక్కల గుడ్డని బొటనవేలి ఎముక దగ్గర చిటికెతో పట్టుకోండి. సన్నటి మడత అందాలి. డప్పు మీద చర్మంలా బిగిసి ఉంటే వెడల్పు చాలలేదని.

ఇక నడవండి. కార్పెట్ మీద ఏ బూటైనా మెత్తగానే ఉంటుంది, కాబట్టి గచ్చు మీద నడవండి. అనుమతిస్తే బయట ఐదు నిమిషాలు చిన్నగా పరిగెత్తండి. మెట్లెక్కేటప్పుడు మడమ చూడండి, దిగేటప్పుడు వేళ్లు చూడండి. దిగుతుంటే వేళ్లు ముందు గోడకి తగిలితే వదిలేయండి. హైదరాబాద్ మారథాన్‌కి సాధన చేస్తున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కడం దిగడం ఉంది, గోళ్ల పని పట్టేది ఆ దిగుడే. 'వాడగా వాడగా సాగుతుంది' అనే మాట పాత తోలు బూట్లకి సంబంధించింది. ఇప్పటి బూట్లకి వాడే అల్లిక గుడ్డ పెద్దగా సాగదు. మొదటి రోజు కరిచిన బూటు ముప్పయ్యో రోజు కూడా కరుస్తుంది.

లేసుల దగ్గరికి వద్దాం. చాలా పరుగు బూట్లకి అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి జరిగి, ఒక కన్నం ఎక్కువ ఉంటుంది. చాలామంది దాన్ని వాడరు, ఎందుకుందో తెలియదు. మడమ పట్టు కోసం ఉంది అది. చూడండి. మామూలుగా కిందినుంచి అడ్డంగా అల్లుకుంటూ వచ్చి చివరికి ముందున్న కన్నం దగ్గర ఆగండి. ఇప్పుడు కుడి లేసుని అవతలికి తీసుకెళ్లకుండా అదే పక్కన ఉన్న పై కన్నంలోకి బయటినుంచి లోపలికి పోనివ్వండి. పూర్తిగా లాగకండి, చిటికెనవేలు పట్టేంత ఉచ్చు మిగల్చండి. ఎడమ పక్కా అంతే. రెండు ఉచ్చులు తయారయ్యాయి. కుడి లేసు కొసని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసని కుడి ఉచ్చులోంచి దూర్చండి. పైకి కాదు, కిందికి, మడమ వైపు లాగండి. ఉచ్చులు బిగుసుకుని చీలమండ కింద పట్టు వస్తుంది. ఆ పైన మామూలు ముడి. ఇలా కడితే కింది వరసల్ని వదులుగా ఉంచుకోవచ్చు, వేళ్లకి విడుపు మిగులుతుంది. పాదం పైభాగంలో ఒకచోట నొప్పి వచ్చేవాళ్లు సరిగ్గా ఆ చోటున అడ్డ అల్లిక వదిలేసి, లేసుని అదే పక్కన నిలువుగా పై కన్నంలోకి తీసుకెళ్లండి. అక్కడ కిటికీ తెరిచినట్టవుతుంది, ఒత్తిడి పోతుంది.

బూటు ఎక్కడ తప్పిందో పాదమే చెబుతుంది, చదవడం రావాలి. గోరు నల్లబడిందంటే గోటి కింద రక్తం చేరింది. అందరూ బూటు చిన్నదైందనుకుంటారు. సగం సార్లు సంగతి వేరు, పొడవు చాలినంత ఉంది, లేసు వదులై పాదం మొత్తం ముందుకి జారి కొట్టుకుంటోంది. గోళ్లు పెరిగిపోయి ఉన్నా అంతే, పరుగుకి రెండ్రోజుల ముందు అడ్డంగా కత్తిరించండి. మడమ వెనక పొక్కు వస్తే వదులు. వేళ్ల మధ్య పొక్కు వస్తే ఇరుకు. చిటికెనవేలి మీద ఆనెకాయ కాస్తే నెలల తరబడి ఇరుకు. మూడు, నాలుగు వేళ్ల మధ్య తిమ్మిరి, మంట, ఏదో గులకరాయి తొక్కినట్టు అనిపించడం ఉంటే అక్కడ నరం నొక్కుకుంటోంది. వెడల్పు మార్చినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి.

పొక్కు గురించి ఒక ముక్క. చర్మం ఒరుసుకుపోవడమే కాదు, లోపలి ఎముక ఒకవైపు, పైచర్మం ఒకవైపు లాగబడి చర్మం పొరలు విడిపోతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. తడి చర్మం పొడి చర్మం కన్నా ఎక్కువ పట్టుకుంటుంది, అందుకే చెమట కాలికి పొక్కులెక్కువ. నూలు సాక్సు చెమటని పీల్చి దాచుకుంటుంది. పాలియెస్టర్, నైలాన్ కలిసిన పలచటి సాక్సు దాన్ని బయటికి పంపుతుంది. బూటుకి వేలు ఖర్చుపెట్టి సాక్సు దగ్గర మూడు జతలు వంద రూపాయలవి కొనడం మన పొదుపు. (నవ్వులు)

చదునుపాదం వాళ్లకి ఒక రకం, వంపు ఎక్కువున్నవాళ్లకి ఇంకో రకం అంటూ తడిపాదం అచ్చు చూసి బూటు రాసిచ్చే పద్ధతి చాలాకాలం నడిచింది. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల మీద ఈ పద్ధతిని పరీక్షించి 2009, 2010 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించారు. పాదం ఆకారాన్ని బట్టి బూటు ఇచ్చినవాళ్లకీ, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేసుకున్నప్పుడు హాయిగా ఉన్నదే ఎంచుకోవడం మేలని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెనో నిగ్ బృందం 2015లో వాదించింది. నా మొగ్గు కూడా అటే. అయితే హాయి అంటే మెత్తదనం అనుకోకండి. దిండు మీద నిలబడ్డట్టుండే బూటులో చీలమండ ఊగుతుంది. నడిచేవాళ్లలో అరవై దాటినవాళ్లకి మందపాటి మెత్తటి సోలు కన్నా, వెడల్పైన, మరీ ఎత్తులేని, వేళ్ల దగ్గర మాత్రమే వంగే సోలు నయం. బూటుని రెండు చేతులతో పట్టి వంచండి. నడుం దగ్గర పుస్తకంలా మడతపడితే పెట్టేయండి.

పోటీకి కొత్త బూటు పనికిరాదు. నెల, నెలన్నర ముందు కొని, కనీసం ఒక సుదీర్ఘ పరుగుతో కలిపి నలభై యాభై కిలోమీటర్లు దానిలో పరిగెత్తి ఉండాలి. సోలులోని ఫోమ్ మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. రోజుకి ఐదు కిలోమీటర్లు నడిస్తే నెలకి నూట యాభై, లెక్క మీరే వేసుకోండి. వానలో తడిసిన బూటుని పొయ్యి దగ్గర, ఎర్రటి ఎండలో పెట్టొద్దు, జిగురు వదులుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల పాత దినపత్రిక కుక్కి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద పెట్టండి.

ఇక అడగండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగరు. రోజూ నడుస్తారు. ఆయనకి ఏ బూటైనా బాగుందనే అంటారండి.

జవాబు: జాగ్రత్తపడాల్సింది అక్కడేనమ్మా. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బిగుతు బూటు వేస్తేనే వాళ్లకి వేసుకున్నట్టు తెలుస్తుంది, అందుకని చిన్నది ఎంచుకుంటారు. ఇందాక నేను కాలు చెప్పాలన్న మాట ఆయన విషయంలో వర్తించదు. కాగితం కొలత, ఇన్‌సోల్ పరీక్ష మీరు దగ్గరుండి చెయ్యండి. వేసుకునేముందు ప్రతిరోజూ బూటులో చెయ్యి పెట్టి తడిమి చూడాలి, చిన్న రాయి ఉన్నా ఆయనకి తెలియదు. కొత్త జతని మొదటి రోజు ఇరవై నిమిషాలే వాడి, విప్పాక అరికాలు, వేళ్ల సందులు చూడండి. ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే ఆ జత వద్దు. స్పర్శ ఇప్పటికే పోయి ఉంటే డాక్టరు చెప్పిన ఎంసీఆర్ (మెత్తటి ప్రత్యేక రబ్బరుతో చేసిన) పాదరక్షలే వాడాలి, స్పోర్ట్స్ షాపు బూటు కాదు.

ప్రశ్న: కార్బన్ ప్లేటు ఉన్నవి తీసుకోవచ్చా?

జవాబు: సోలు లోపల గట్టి కార్బన్ పలక పెట్టిన బూట్లు అవి, వేగంగా పరిగెత్తేవాళ్ల కోసం తయారైనవి. రోడ్డు పోటీల్లో సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, ఒక్క ప్లేటుకి మించకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో నిబంధన పెట్టింది. అంత మందంలో మెత్తటి ఫోమ్, ఇరుకు మడమ. మలుపుల్లో, నడకలో అవి ఊగుతాయి. మారథాన్ ఐదు గంటల పైన పూర్తిచేసేవాళ్లు ఆ డబ్బుతో మామూలు జతలు రెండు కొనుక్కుని మార్చి మార్చి వాడుకోవడం మేలు.

ప్రశ్న: సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తున్నాం. సాధన బూట్లతో చేసి, ఆ రోజు ఉత్త కాళ్లతో నడవొచ్చా?

జవాబు: నడవగలరు గానీ అరికాళ్లు ఒప్పుకోవు. అది 32 కిలోమీటర్లు, చాలావరకు తారురోడ్డు. బూట్లతో చేసిన సాధన గుండెకి, కండరాలకి పనికొస్తుంది, అరికాలి చర్మానికి కాదు. రెండు నెలల ముందునుంచి వారానికి మూడు రోజులు, మొదట పది నిమిషాలతో, గట్టి నేల మీద ఉత్త కాళ్లతో నడుస్తూ పెంచుకోండి. బొబ్బ లేస్తే ఆ వారం ఆపి మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న: రెండేళ్ల కింద ఆఫరులో కొన్న జత డబ్బాలోనే ఉంది, కొత్తదే. వాడొచ్చా?

జవాబు: తీసి చూడండి. ఫోమ్ వాడకపోయినా ముసలిదవుతుంది. కొన్ని నడక బూట్లలో వాడే పాలీయురెథేన్ సోలు గాలిలో తేమకి లోలోపలే చెడుతుంది, సముద్రపుటూళ్లలో మరీను. పైకి మెరుస్తూనే ఉంటుంది, నాలుగడుగులు వెయ్యగానే పొడిపొడిగా రాలిపోతుంది. సోలుని బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలు తియ్యగానే తిరిగి పైకి లేవాలి. గుంట అలాగే ఉండిపోయినా, పగుళ్లు పడినా పనికిరాదు. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, ఆఫరులో కొనేటప్పుడు ధర కన్నా ముందు అది చదవండి. నొక్కి చూశాక బాగానే ఉందనిపిస్తే మొదటి వారం ఇంటి చుట్టుపక్కలే నడవండి, సోలు ఊడినా చేత్తో పట్టుకుని ఇంటికి రాగలిగేంత దూరంలో. (నవ్వులు)